బిడ్డను గుఱించిన వార్త తల్లికిఁ జెప్పు తెఱఁగు
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



మన సభలలో విద్యార్థివేతనములను గుఱించియు, వసతిగృహమును గుఱించియు, పెండ్లిండ్లలోని దుబారాను గుఱించియు నుపన్యాసములు జరుగుట పరిపాటి. మేము బహుకాలము బడిపంతులుగా నుండినవారము గనుక విద్యను గుఱించియే చెప్పుదుమని కార్యదర్శిగారు తలఁచియుందురు. కాని నేఁడు మే మెత్తుకొన్న విషయము వేఱు. అంగవైకల్యముతోఁ బుట్టిన బిడ్డను గుఱించి వైద్యుఁడు తల్లిదండ్రులకు నే రీతిఁ జెప్పవలయును? చెప్పిన పిమ్మట బంధువులమైన మన మే రీతి నుండవలయును?

శుభమా యని కూడిన సభలో నీ మాట యేల యని కొందఱ కనిపింపవచ్చును. లోకమునఁ బుట్టు నూఱుగురు శిశువులలో సుమా రాఱుగురు ఏదో యొక పుట్టులోపముతోఁ బుట్టుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. వానిలోఁ గొన్ని చిన్నవి, కొన్ని ప్రాణాంతకములు. ఈ సభలోఁ గూర్చున్న కుటుంబములలోఁ గొన్నింటి కైన నీ యనుభవము లేకపోలేదు. వారు చెప్పుకొనలేదు; మన మడుగలేదు. అంతియే భేదము.

మనది బొగ్గుబావుల సీమ. బాయిలోఁ బ్రమాదము జరిగినప్పుడు ఇంటికి వార్త యెట్లు వచ్చునో గోదావరిఖనివారికి వివరింప నక్కఱలేదు. షిఫ్టు దిగవలసిన వేళ దాఁటును. తోడి కార్మికుఁ డొకఁడు వచ్చి, “వదినా, అన్నకు జర దెబ్బ తాకింది, దవఖానకు పోదాం రా” యనును. ఆమె వాకిలి దాఁటకముందే పదిమంది చేరుదురు. ఎవ్వరును ఆమె కన్నులలోనికిఁ జూడరు. అప్పుడే యామెకు సర్వము తెలిసిపోవును. దాఁచినవారు దయతోనే దాఁచిరి. అందు సందేహము లేదు. కాని దాఁచుటచేత నామె దుఃఖము తగ్గలేదు. తనకుఁ దక్క నందఱికిని ముందే తెలియునన్న బాధ మాత్రము తోడయ్యెను.

పురిటిగది యొద్దను మన యాచార మిట్టిదియే. బిడ్డకు లోపమున్నదని తెలిసినంతనే భర్తనో, మామగారినో, అన్నగారినో వసారాలోనికిఁ బిలిచి చెప్పుదురు. పెద్దలు గుమిగూడి యాలోచింతురు. నవమాసములు మోసిన తల్లికి మాత్ర మందఱికంటెఁ గడపటఁ దెలియును. ఆ తెలియుటయు నొక్కొకప్పుడు సందర్శనమునకు వచ్చిన దూరపు బంధువు నోటిజాఱుపాటువలన.

ఈ విషయమున మేము పరులకు నీతులు చెప్పుటకు రాలేదు. తప్పు మొదట మేమే చేసితిమి. 1988వ సంవత్సరమున మా పెద్దకూఁతురు పుట్టినది. పెదవి చక్కఁగానే యున్నది. మొగము చూచినవారి కెవ్వరికిని లోపము కానరాదు. కాని నోటి లోపల అంగిలి చీలియుండెను. ఒక యాసుపత్రి వసారాలో డాక్టరుగారు మమ్ముఁ బ్రక్కకుఁ బిలిచి, మే మెఱుఁగని యాంగ్లపద మొకటి పలికి, “తల్లి పచ్చి బాలింత, ఇప్పుడే చెప్పకండి” యని, వేఱొక ప్రసవమునకై వెడలిపోయిరి. అంతయు రెండు నిమిషములు పట్టలేదు. మే మా మాట దాఁచితిమి. దాఁచుటయే ప్రేమ యనుకొంటిమి.

అంగిలి చీలిన బిడ్డ చన్ను కుడువలేదు. నోటికిని ముక్కునకును నడుమ గోడ లేనందున పీల్చుటకు వలసిన పట్టు దొరకదు. పోసిన పాలు ముక్కువెంట వచ్చును. మా గృహిణి కిది తెలియదు. తన పాలే బిడ్డకుఁ బడలేదనుకొన్నది. పొరుగమ్మలు పథ్యము మార్చిరి, దిష్టి తీసిరి. మూఁడు దినములు బిడ్డ యేడ్చి యేడ్చి సొమ్మసిల్లినది. నాల్గవనాఁటి యుదయమున ఆ వార్డులోని ముసలి యాయమ్మ బిడ్డ నోట వ్రేలు పెట్టి చూచి, “అంగిట్ల చీలి ఉంది బిడ్డా, నీ పాలల్ల దోషం లేదు” అని, ఉగ్గుగిన్నె తెప్పించి, పాపను నిటారుగా నెత్తి పట్టుకొని, చెక్కిలి ప్రక్కనుండి చుక్కచుక్కగాఁ బాలు పోసినది. బిడ్డ మ్రింగినది.

ఆ రాత్రి మా గృహిణి, “మీకు ముందే తెలుసా?” అని యడిగినది. తెలియునంటిమి. “చెప్పి ఉంటే నేను మొదటినాడే గిన్నెతో పట్టేదాన్ని గదా” యన్నది. అంతకుమించి యొక్క నిందావాక్యము పలుకలేదు. ఇన్నేండ్లు గడచినను ఆ మాటకు మాయొద్ద సమాధానము లేదు. ఏడాదిన్నర వయస్సున బిడ్డకు శస్త్రచికిత్స జరిగినది. నేఁ డామె యొక పాఠశాలలో గణితము బోధించుచున్నది. మాట కొంచెము ముక్కుతోఁ బలుకును. పిల్లలకుఁ జక్కఁగా నర్థమగును. ఈ కథ నామె యనుమతితోడనే చెప్పుచున్నాము.

అప్రియమైన సత్యమును పలుకరాదని శాస్త్రము చెప్పలేదా యని పండితు లడుగవచ్చును. చరకసంహిత విమానస్థానమున, శిష్యునకు వైద్యధర్మము నుపదేశించు ఘట్టములో, రోగి యాయువు తీఱినదని తెలిసినను, చెప్పుట రోగికిఁ గాని యితరులకుఁ గాని యాఘాతమగు చోటఁ జెప్పవలదని యున్నది. మే మా వాక్యమును బాల్యముననే చదివితిమి. 1988లో మా మౌనమునకు దానినే యాధారముగాఁ జేసికొంటిమి. ఇప్పుడు మఱల విచారించి చూడఁగా దాని తాత్పర్యము వేఱని తోఁచుచున్నది. చికిత్సకు లొంగని చోట, చెప్పుటవలన హాని మాత్రమే కలుగు చోట నా నియమము. శిశువు విషయమున నట్లు కాదు. ఇచ్చటఁ జెప్పకుండుటయే హాని. బిడ్డకుఁ బాలు పట్టవలసినది, మందు వేయవలసినది, రాత్రి శ్వాస చూడవలసినది తల్లి. ఆమెకుఁ దెలియక చికిత్స సాఁగదు.

పాశ్చాత్యదేశములును ఈ విషయమున మొదటినుండి తెలివి గలవి కావు. 1957లోఁ బశ్చిమజర్మనీలో విక్రయమునకు వచ్చిన థాలిడమైడ్ అను మందు గర్భిణులు వాడుటచేత, 1961 చివర దానిని తొలఁగించు నాఁటికి, పలుదేశములలోఁ బదివేలకుఁ బైఁగా శిశువులు చేతులు కాళ్లు పొట్టివై పుట్టిరి. తల్లికిఁ జూపకయే బిడ్డను వేఱు గదికిఁ గొనిపోయి, తండ్రికి ముందుగాఁ జెప్పిన యుదంతములను ఆ కుటుంబములవారే పిమ్మట వెల్లడించిరి. వసారాలోని మాట యొక్క మనదేశపు దోషము కాదన్నమాట.

పిదప వైద్యులు తల్లులనే యడిగి తెలిసికొనసాఁగిరి. 2005లో అమెరికాదేశమున బ్రయన్ స్కాట్కో అను నాయన, డౌన్ సిండ్రోము గల బిడ్డలను గన్న దాదాపు వేయిమంది తల్లుల యభిప్రాయములు సేకరించి ప్రకటించెను. ఆ తల్లులు కోరినవి గొంతెమ్మకోరికలు కావు. అనుమానము కలిగినప్పుడే చెప్పుఁడు, భర్తయు నేనును గలిసియున్నప్పుడు చెప్పుఁడు, నలుగురు వినని చోటఁ జెప్పుఁడు, బిడ్డ పుట్టినందుకు ముందుగా శుభాకాంక్షలు తెలుపుఁడు, జాలిమాటలు వలదు, ఇట్టి బిడ్డను బెంచుచున్న మఱియొక కుటుంబమును మాకుఁ జూపుఁడు. ఇవియే.

ఈ కోరికలను మన యాసుపత్రుల పరిస్థితికిఁ జేర్చి చూచినచో, చెప్పు పద్ధతి యిట్లుండవలెనని మాకుఁ దోఁచుచున్నది.

వైద్యుఁడు నిలువఁబడి చెప్పరాదు, కూర్చుండవలయును. తల్లి మంచము ప్రక్కనే తెర దిగువఁగట్టి, భర్తను బిలిపించి, బిడ్డను దల్లి యొడిలో నుంచి చెప్పవలయును. బిడ్డకుఁ బేరు పెట్టియున్నచో నా పేరే వాడవలయును, ‘కేసు’ అనరాదు. తల్లి యప్పటికే యేమి గమనించినదో ముందుగా నడుగవలయును. పెక్కుమంది తల్లు లప్పటికే యేదో గ్రహించియుందురు. లోపము పేరు ఆంగ్లమునఁ జెప్పి యూరకుండక, ‘గుండె గోడలో రంధ్రమున్నది’, ‘వెన్నెముక మూసికొనలేదు’ అని తెలుఁగున, చీటిమీఁద బొమ్మ గీసి చెప్పవలయును. చెప్పిన పిమ్మట కొంతసే పూరకుండవలయును. ఏడ్చువారిని ఏడువనీయవలయును. దుఃఖము ముంచుకొన్న వేళ విన్న మాటలలో సగము నిలువవు గనుక, మఱునాఁడు మఱల వచ్చి, ‘నిన్న నేను జెప్పినదాని నేమని గ్రహించితిరి?’ అని యడుగవలయును. ఎఱుఁగని దానిని ఎఱుఁగనని చెప్పవలయును. ఇఁక నేమి చేయవలయునో, ఎచ్చటికిఁ బోవలయునో, ఎప్పటిలోపలఁ బోవలయునో స్పష్టముగాఁ జెప్పి, కాగితముపై వ్రాసి యీయవలయును.

ఈ కడపటి మాట మిక్కిలి ముఖ్యము. అన్నవాహిక మూసికొనిపోయిన శిశువునకు నోటఁ బాలు పోసినచో నవి యూపిరితిత్తులలోఁ బడును. ఆ బిడ్డకు వెంటనే శస్త్రచికిత్స కావలయును. మలద్వారము లేని బిడ్డకును అంతే. వీఁపున వెన్నెముక తెఱచికొనియున్న బిడ్డకు సాధారణముగా రెండు మూఁడు దినములలోపల దానిని మూయుదురు. పాదము లోపలికి వంకరపోయిన బిడ్డకు మొదటి వారములలోనే పోన్‌సేటిగారి పద్ధతిని వారమునకొక కట్టు చొప్పున గట్టుచు వచ్చినచో, పెద్ద శస్త్రచికిత్స లేకయే కాలు చక్కఁబడుట తఱచు. చీలిన పెదవిని సుమారు మూఁడవ నెలనుండియు, అంగిలిని తొమ్మిదవ నెలకును పదునెనిమిదవ నెలకును నడుమను గుట్టుదురు. పెద్దలందఱు చేరి తల్లికి నెప్పుడు చెప్పుదమాయని తర్కించు లోపల నీ గడువులు దాఁటిపోవును.

బ్రదుకఁజాలని బిడ్డలును గలరు. మెదడు, కపాలము ఏర్పడక పుట్టిన శిశువునకు లోకమున నెచ్చటను జికిత్స లేదు. అట్టి చోటఁ గూడ నసత్యపు టాశ పెట్టరాదు. పురుడు తీఱకముందే పోయిన బిడ్డకుఁ బేరుండదనియు, తల్లి చూడరాదనియు మనలోఁ గొందఱ నమ్మకము. చూచినచో మనస్సు చెదరునని భయము. చూడని తల్లి తన మనస్సులో నంతకంటె భయంకరమైన రూపమును గల్పించుకొనునని మా యెఱుకలోని యిరువురు తల్లులు చెప్పఁగా వింటిమి. చూడఁగోరిన తల్లికిఁ జూపుఁడు. ఎత్తుకొనఁగోరిన నెత్తుకొననిండు. ఆమె కోరనిచో బలవంతము వలదు.

నేఁడీ వార్త పుట్టకముందే, గర్భమున నైదవ నెలలోఁ జేయు స్కానింగునందే తెలియుచున్నది. 1994నాఁటి చట్టము ఆఁడయో మగయో చెప్పుటను నిషేధించినది కాని లోపమును జెప్పుటను గాదు. 2021లో సవరింపఁబడిన గర్భవిచ్ఛేదన చట్టము ప్రకారము, తీవ్రమైన లోపమున్నదని వైద్యమండలి నిర్ణయించినచో ఇరువదినాలుగు వారములు దాఁటిన పిమ్మటను గర్భమును దొలఁగింపవచ్చును. ఉంచుకొనుటయో తొలఁగించుకొనుటయో యను నిర్ణయమున వయస్సు వచ్చిన స్త్రీ సమ్మతియే చట్టమునకుఁ గావలసినది. భర్తది గాని యత్తమామలది గాని కాదు. పూర్తిగాఁ జెప్పని దానికి సమ్మతి యెట్లు కలుగును? అందువలన నామెకు సత్యము చెప్పుట కేవలము దయ కాదు, ఆమె హక్కు.

వైద్యుల మీఁదనే భారము వేయుట న్యాయము కాదు. రాత్రిపని, ఒకరి వెంట నొకరికిఁ బ్రసవము, పురిటిగదిలో నిలువఁ జోటు లేకుండుట. వీనిలో నొక యువవైద్యుఁడు చిక్కుకొని పాఱిపోవుటలో వింత లేదు. చెప్పుట యెట్లో వారి కెవ్వరును నేర్పలేదు. ఇప్పు డా లోపము తీఱుచున్నది. 2019లోఁ జేరిన విద్యార్థులు మొదలుగా మనదేశపు వైద్యవిద్యలో రోగితో మాటలాడు పద్ధతియు, వైద్యనీతియుఁ బాఠ్యాంశము లైనవి. మన రామగుండమునను 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల నెలకొన్నది. అచ్చటఁ జదువు పిల్లలు ఱేపు మన బిడ్డల పురుళ్లు పోయువారు. వారు నేర్చినంత మాత్రమునఁ జాలదు. వినువారమైన మనమును నేర్వవలయును.

డాక్టరు రెండు మాటలు చెప్పి పోవును. తరువాత నలువది దినములు మాటలాడువారము మనము. ‘గ్రహణమునాఁడు కత్తి పట్టినదఁట’ అందుము. గ్రహణపుమొఱ్ఱి యను పేరే మన భాషలోఁ బాఁతుకొన్నది. గ్రహణమునకును పెదవికిని సంబంధము లేదు. గర్భమున మొదటి రెండు మాసములలో మొగము ఏర్పడునప్పుడు, రెండువైపులనుండి వచ్చు భాగములు కలిసికొనకపోవుటచేతఁ బెదవి చీలును. దానికి వంశబీజమును, కొన్ని మందులును, పొగాకును, పోషకలోపమును దోడగును. పెక్కింటికిఁ గారణమే తెలియదు. చరకుఁడును బీజమున నే భాగము చెడునో, దేహమున నా భాగమునకు వికృతి కలుగునని చెప్పెను.

మేనఱికమును గుఱించియు నొక్క మాట. మేనమామకును మేనకోడలికిని, బావకును మరదలికిని వివాహము మనలోఁ బ్రియమైన యాచారము. దగ్గఱి రక్తసంబంధమున్న దంపతుల సంతానమునఁ బుట్టులోపములు సామాన్యముకంటె సుమారు రెట్టింపు కానవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఈ మాట సంబంధము కలుపుకొనకముందు చెప్పవలసినది. బిడ్డ పుట్టిన పిమ్మట ‘మేము వలదంటిమి గదా’ యని పొడుచుటకుఁ గాదు. అట్లే వెన్నెముక లోపములను దగ్గించు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు గర్భము నిలిచిన నెలలోపలనే పనిచేయవలసినవి గనుక, గర్భము ధరింపకముందునుండియే వాడవలయును. అట్టి బిడ్డ నొకసారి కన్న తల్లులు వైద్యుని సలహాతో నెక్కువ మోతాదున వాడినచో మఱల నా లోపము వచ్చు ప్రమాదము నూటికి డెబ్బదిరెండు పాళ్లు తగ్గునని 1991లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన తేల్చినది. పెండ్లికూఁతుండ్రకుఁ జీరసారెలతోఁ బాటు చెప్పి పంపవలసిన మాట యిది.

సహాయమునకు మార్గములు లేకపోలేదు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వఱకు బిడ్డలను బరీక్షింతురు. వెన్నెముక లోపము, చీలిన పెదవి, వంకరపాదము, పుట్టుచెవుడు, గుండెజబ్బు మున్నగున వందుఁ జేరియున్నవి. 2007లోఁ బుట్టిన ఆరోగ్యశ్రీ యందు పిల్లల గుండె శస్త్రచికిత్సలు గలవు. మన రాష్ట్రమున 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకుఁ బెంచిరి. 2016నాఁటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించినది. కంపెనీ యుద్యోగులకు వారి యాసుపత్రియుఁ గలదు. ఇవి యెఱుఁగక యిల్లు తాకట్టు పెట్టిన తండ్రులను మే మెఱుఁగుదుము.

కావున మన సంఘము చేయఁదగిన నాలుగు పనులను సభవారి యెదుట నుంచుచున్నాము. మొదటిది: ఇట్టి బిడ్డలను బెంచిన తల్లులలో నిష్టపడువారి నిరువురను మువ్వురను గూర్చి, కబురు వచ్చిన యింటికిఁ బంపుట. మా గృహిణి యందుల కొప్పుకొన్నది. రెండవది: హైదరాబాదునకుఁ బోవు కుటుంబమునకు దారిబత్తెమునకును, బసకును సంఘనిధి నుండి కొంత ధనము వేఱుగా నుంచుట. మూఁడవది: పైని జెప్పిన పథకముల వివరము నొక్క పుటలో నచ్చొత్తించి, పురుడు రానున్న ప్రతి యింటికి నిచ్చుట. నాల్గవది ధనముతోఁ బని లేనిది గాని యన్నిఁటికంటెఁ గష్టమైనది: వివాహపరిచయ వేదికలో ‘వారింట నట్టి బిడ్డ గలదఁట’ యని యక్కచెల్లెండ్ర సంబంధములు చెఱుపకుండుట. మన తల్లిదండ్రులు వార్తను దాఁచుటకు నిజమైన కారణ మీ భయమే. మనము చెఱుపుచున్నంతకాలము వారు దాఁచుచునే యుందురు.

వినతకుఁ దొడలు లేని కొడుకు పుట్టెను. తల్లి తొందరపడి యండమును పగులఁగొట్టుటచేత నట్లయ్యెనని పురాణము. లోకము తల్లి దోషమును మఱచినది. ఆ బిడ్డను మాత్రము మఱవలేదు. అనూరుఁడనియే పేరిడి సూర్యుని రథమున ముందు కూర్చుండఁబెట్టినది. ప్రతి యుదయమును మనకు మొదటఁ గనిపించున దాతని వెలుఁగే. పుట్టిన బిడ్డ యెట్లున్నను, ముందుగాఁ దల్లి చేతికిచ్చి, ఉన్నదున్నట్లు చెప్పి, ప్రక్కనఁ గూర్చుండు నంతటి ధైర్యము మన వైద్యులకును మనకును గలుగుఁగాక.